మర్ఫా వెంట నడిచిన రుంబా పెట్టె

హైదరాబాద్ నుంచి సూర్యాపేట, అక్కడి నుంచి కోదాడ, కోదాడ నుంచి మిర్యాలగూడ. ఈ దారిలో కొండలూ జలపాతాలూ లేవు. విహారానికి వెళ్దామని ఎవరైనా అడిగితే వద్దనే చెప్తాను. నేను వెళ్లింది ఒక పాత పెట్టె తెచ్చుకోవడానికి, అదే రోజు సాయంత్రం దాన్ని ఒక పెళ్లి బరాత్‌లో మోగించడానికి. అలాంటి పని ఉన్నవాళ్లు ఎవరూ ఉండరేమో గానీ, ఉంటే వాళ్లకు ఇది పనికొస్తుంది.

నేను ఫంక్షన్లలో కీబోర్డు వాయిస్తాను. మిగతా రోజుల్లో పిల్లలకు నేర్పుతాను. కంప్యూటర్లు రాకముందు ట్రాన్సిస్టర్లతో శబ్దం పుట్టించిన తొలినాటి ఎలక్ట్రానిక్ వాద్యాలంటే నాకు పిచ్చి. ఇంట్లో సగం జాగా పనికిరాని డబ్బాలకే పోయిందని మా ఆవిడ వచ్చిన చుట్టాలందరికీ చెప్తుంది. నాతో వచ్చిన జబ్బార్ భాయ్ హైదరాబాద్‌లోనే ఏసీ గార్డ్స్ అనే బస్తీలో ఉంటాడు. మర్ఫా బ్యాండు నాయకుడు. నిజాం కాలంలో గుర్రపు దళంలో కాపలాకు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. ఆ తాతముత్తాతల చేతుల్లో వచ్చిన దెబ్బలు అరబ్బుల వాద్యాలతో కలిసి మర్ఫా అయ్యాయి. ఇవాళ మన పెళ్లిళ్లలో అన్ని కులాలవాళ్లూ ఎగిరేది దానికే. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఒక ఏడాదిగా మేమిద్దరం మర్ఫాను ఎలక్ట్రానిక్ శబ్దాలతో కలపాలని తంటాలు పడుతున్నాం. కుదరలేదు. మర్ఫాలో ఒక డోలు మూడు లెక్కన నడుస్తుంటే పక్కన డఫ్, అంటే చేత్తో కొట్టే పలక, రెండు లెక్కన నడుస్తుంది. ఆ మూడో దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. మనిషికి ఎగరాలనిపించేది ఆ ఆలస్యం వల్లనే. నా లాప్‌టాప్ దాన్ని తప్పనుకుని సరిచేసేది. సరిచేయొద్దని దానికి చెప్పే విద్య నాకు పూర్తిగా రాలేదు. జబ్బార్ భాయ్ విసుగుపడేవాడు.

“నీ మిషన్ నా మాట ఇనది మాస్టర్. ఎప్పుడూ నేనే దాని ఎనక ఉరుకుడు అయితున్నది.”

ఇంతలో ఒకరోజు చాయ్ తాగుతూ అసలు సంగతి చెప్పాడు. బ్యాండులో ఎనిమిది మంది ఉండేవాళ్లు, నలుగురు మిగిలారు. పెళ్లివాళ్లకు డీజే కావాలి. ఒక షాపింగ్ మాల్‌లో వాచ్‌మన్ ఉద్యోగం ఉందట. ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారట. మిర్యాలగూడ పెళ్లి ఒక్కటి ఒప్పుకుని ఉన్నాడు. అది కొట్టి బ్యాండు బంద్ చేస్తానన్నాడు.

“ఆ బరాత్ల నీ మిషన్ తెచ్చుకో. ఒక్కసారి కొడదాం. కుదిరితే మాట్లాడుదాం, కుదరకుంటే ఖతం.”

ఏడాది పని వృథా అవుతుందని కాదు, ఆ చేతులు ఇక డఫ్ మీద పడవంటే భరించలేకపోయాను. సూర్యాపేటలో ఒకప్పుడు ఆర్కెస్ట్రా నడిపిన జనార్దన్ సార్ దగ్గర పాతకాలపు రిథమ్ బాక్స్ ఉందని ఎప్పుడో విన్నాను. అంకెలతో పనిచేసే లాప్‌టాప్ కాకుండా, చేత్తో తిప్పే మీటతో నడిచే పెట్టె. అదే ఆఖరి ఆశ అనుకుని ఫోన్ చేశాను. రమ్మన్నారు.

మార్గశిరంలో, మంచు ఇంకా వదలని పొద్దున ఏడింటికి ఎల్బీనగర్‌లో విజయవాడ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నా భుజాన ఒక బ్యాగు, జబ్బార్ భాయ్ ఒళ్లో గుడ్డ చుట్టిన డఫ్. మిగతా ముగ్గురూ డోళ్లతో నేరుగా మిర్యాలగూడకు రైల్లో వచ్చేస్తారు. కండక్టర్ జబ్బార్ భాయ్ ఉంగరాల జుట్టునూ ముఖాన్నీ చూసి, గొంతు సవరించుకుని, “సార్, వేర్ గోయింగ్?” అన్నాడు.

“సూర్యాపేట. రెండు కొట్టు,” అన్నాడు జబ్బార్ భాయ్ కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

కండక్టర్ నవ్వలేదు, టికెట్లు కొట్టి ఇచ్చాడు. కానీ ఆ తర్వాత మా సీటు పక్కకు వచ్చినప్పుడల్లా జబ్బార్ భాయ్‌ని ఒకసారి చూసి వెళ్లేవాడు. మా వెనక సీట్లో తుంగతుర్తి రైతు ఒకాయన హైదరాబాద్ దవాఖానలో కంటి ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్లద్దాలతో ఊరికి పోతున్నాడు. ఆయనకు దాపరికాలు లేవు.

“నీది ఏ దేశమన్నా?” అని నేరుగా అడిగాడు.

“హైద్రాబాదే. మా ముత్తాతది హబ్షీ దేశం. నీది?”

“మాది తుంగతుర్తి. మా ముత్తాతది గూడ తుంగతుర్తే.”

ఇద్దరూ నవ్వుకున్నారు. నకిరేకల్ దాటేదాకా ఆ రైతు పత్తి రేటు గురించి చెప్తూనే ఉన్నాడు. జబ్బార్ భాయ్ పత్తి చెట్టును దగ్గర నుంచి ఎన్నడూ చూసి ఉండడు, అయినా ప్రతి మాటకూ తల ఊపాడు. నేను నిద్రపోదామనుకున్నాను. కుదరలేదు. ఎక్స్‌ప్రెస్ సీట్లలో మోకాళ్లు పెట్టుకునే చోటు ఎవరి కొలతలతో చేశారో నాకెప్పటికీ అర్థం కాదు.

తొమ్మిదిన్నర దాటాక సూర్యాపేటలో దిగాం. బస్టాండ్ ఎదురుగా ఇడ్లీ తిన్నాం. చట్నీ కారం, చాయ్ తీపి, రెండూ కావలసినదానికంటే ఎక్కువే. ఆటో ఎక్కితే మార్కెట్ దారి నిండా ధాన్యం ట్రాక్టర్లు. జనార్దన్ సార్ ఇల్లు ఆ వెనకే ఒక సందులో ఉంది. ఆయనకు డెబ్బై దాటాయి. తెల్లని లుంగీ, మెడలో మఫ్లర్, ఇప్పటికీ పక్కపాపిడి. మేము కూర్చునే లోపే పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు.

బిస్కెట్ డబ్బా కంటే కొంచెం పెద్దది. చెక్క అంచులు. పైన వరసగా మీటలు, ఒక్కో దాని కింద ఒక్కో తాళం పేరు. వాల్ట్జ్, మార్చ్, బోసానోవా, రుంబా. పక్కన వేగం పెంచే గుండ్రటి మీట. దాని చుట్టూ అంకెలు ఉండేవట, ఆయన వేళ్లకు అరిగిపోయాయి. ఎన్నో ఏళ్ల కింద దుబాయ్ నుంచి ఎవరో తెస్తే కొన్నారు. అప్పట్లో ఈ చుట్టుపక్కల ఏ గణపతి పందిట్లో ప్రోగ్రాం ఉన్నా పాటలకంటే దీన్ని చూడటానికే జనం వచ్చేవారట.

ప్లగ్ పెట్టి రుంబా మీట నొక్కారు. “టిక్, టట్టిక్, దుం, టిక్.” పలుచని శబ్దం. కానీ ఎంత బాగుందో చెప్పలేను. లోపల ఏ డోలూ లేదు, రికార్డు చేసిన మోతా లేదు. కరెంటే దెబ్బగా మారి బయటికి వస్తోంది. జబ్బార్ భాయ్ ముందుకు వంగాడు. కాసేపు విని డఫ్ అంచు మీద రెండు వేళ్లతో అందుకున్నాడు. తర్వాత ఆపి నన్ను చూశాడు.

“ఇది మాదే గదా మాస్టర్.”

నిజమే. ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఓడల్లో ఎక్కించి సముద్రాల అవతలికి తీసుకుపోయిన మనుషుల దెబ్బలే అక్కడ రుంబా అయ్యాయి. అది దేశాలు తిరిగి, చివరికి ఒక ఫ్యాక్టరీలో మీట అయ్యి, దుబాయ్ మీదుగా సూర్యాపేట చేరింది. అదే నేల నుంచి ఇంకో దారిన నిజాం కొలువుకు వచ్చినవాడి మునిమనవడు దాని ముందు కూర్చున్నాడు. ఇదంతా నేను గబగబా చెప్పాను. జబ్బార్ భాయ్ ఓపికగా విని, ఒక వేలుతో రుంబా, ఇంకో వేలుతో వాల్ట్జ్ కలిపి నొక్కాడు. వాల్ట్జ్‌ది మూడు లెక్క.

“అయ్యో, రెండు ఒక్కసారి నొక్కొద్దు, ఖరాబైతది!” అని జనార్దన్ సార్ చెయ్యి చాపారు. కానీ పెట్టె ఖరాబు కాలేదు. రెండు తాళాలూ ఒకదాని మీద ఒకటి పడి, మూడూ రెండూ పెనవేసుకుని కొత్త నడక ఒకటి బయటికి వచ్చింది. మర్ఫాకు చుట్టమే అనిపించే నడక. ఏడాదిలో మొదటిసారి జబ్బార్ భాయ్ నవ్వు చూశాను.

జనార్దన్ సార్ పెట్టె అమ్మనన్నారు. “తీస్కపో, మోగియ్యి, మళ్ల తెచ్చియ్యి. ఒక్క మాట. కరెంటు తగ్గితే ఇది గూడ మెల్లగైతది. ప్రోగ్రాంల పరేషాన్ చేస్తుండె. జర సూస్కో.” ఆయన మంచి మనసుతో చెప్పిన ఆ మాట నా బుర్రలో పురుగులా దూరింది. నేను కీబోర్డు మనిషిని. తాళం జారిపోవడం కంటే పెద్ద అవమానం నాకు తెలియదు. పెళ్లి బరాత్‌లో జనరేటర్ కరెంటు ఎలా ఉంటుందో ఎన్నోసార్లు చూశాను. అందుకే మిర్యాలగూడకు నేరుగా పోకుండా ముందు కోదాడ పోదామన్నాను. అక్కడ శేషగిరి అని పాత ఆంప్లిఫయర్లు బాగుచేసే స్నేహితుడున్నాడు. చుట్టుదారే అయినా జబ్బార్ భాయ్ డఫ్ చంకన పెట్టుకుని లేచాడు.

సూర్యాపేట నుంచి కోదాడకు గంట ప్రయాణం. బస్సులు వెంటవెంటనే ఉన్నాయి, నిలబడే పని లేదు. శేషగిరి పెట్టె మూత విప్పి, లోపల చూసి, పూజగదిలోకి వచ్చినవాడిలా చెప్పులు పక్కకు జరిపాడు.

“ఏవండీ, ఇంత చక్కగా అతికిన పని ఇప్పుడెవరు చేస్తున్నారండీ! దీన్ని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.”

నేనే తొందరపెట్టాను. కరెంటు పెరిగినా తగ్గినా లోపలికి ఒకే తీరుగా పోయేలా చిన్న ముక్క ఒకటి అమర్చమన్నాను. మేం పక్క హోటల్లో భోంచేసి వచ్చేసరికి అయిపోయింది. మీల్స్ నూట ఇరవై. గోంగూర మళ్లీ మళ్లీ వడ్డించారు. కోదాడలో వంట సగం ఆంధ్ర, మాట కూడా సగం ఆంధ్ర. జబ్బార్ భాయ్‌కి గోంగూర నచ్చి, ఎండుమిరపకాయలు నంజుకుంటూ మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. శేషగిరి పెట్టెను మోగించి చూపించాడు. గడియారంలా ఉంది. ఎంతసేపు మోగినా వెంట్రుకంత కూడా జారలేదు.

“ఇప్పుడు మీరు నిద్రపోయి లేచినా అదే స్పీడులో ఉంటుందండి,” అన్నాడు గర్వంగా. నేనూ గర్వపడ్డాను. జబ్బార్ భాయ్ “అచ్ఛా” అన్నాడు, అంతే.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకు పల్లెవెలుగు దొరికింది. ఇది గంటన్నర పైనే పడుతుంది. రోడ్డులో సగం ధాన్యం ఆరబోసి ఉంటుంది కాబట్టి బస్సు పాములా పోతుంది. కండక్టరమ్మ డఫ్‌ను చూసి “దీనికి టికెట్ తీస్తవా, ఒళ్లె పెట్టుకుంటవా?” అంది. ఒళ్లో పెట్టుకున్నాడు. నేను పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. ఇద్దరం చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లుల్లా కూర్చున్నాం. ఒక ముసలమ్మ నా పెట్టె వంక చాలాసేపు చూసి, “రేడియోనా బిడ్డా?” అంది. అవునన్నాను. వివరించే ఓపిక లేదు.

ఐదింటికి మిర్యాలగూడ. గాలిలోనే తవుడు వాసన. ఎటు చూసినా రైస్ మిల్లుల పొగగొట్టాలు, మిల్లుల ముందు వరసకట్టిన ధాన్యం ట్రాక్టర్లు. పెళ్లివారిల్లు ఒక మిల్లు పక్కనే. మమ్మల్ని పిలిపించింది పెళ్లికొడుకు మేనత్త సుశీలమ్మ గారు. అరవై ఏళ్లుంటాయి, పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని మగవాళ్లందరికీ పనులు పురమాయిస్తున్నారు. హైదరాబాద్‌లో ఎవరి పెళ్లిలోనో మర్ఫా విని, మేనల్లుడి బరాత్‌కు అదే కావాలని పట్టుబట్టారట.

“డీజే అంటే కిటికీలు అదురుడే గని కాలు కదల్దు. మీరు మంచిగ కొట్టాలె. పెండ్లికొడుకు గూడ ఎగరాలె,” అన్నారు.

జబ్బార్ భాయ్ బామ్మర్ది ఖాజా, మిగతా ఇద్దరూ అప్పటికే వచ్చి ఉన్నారు. గోడ వారన వరిగడ్డి మంట వేసి డోళ్లూ డఫ్‌లూ చర్మం మంట వైపుకు తిప్పి కాస్తున్నారు. మంచుకు చర్మం వదులైపోతుంది, కాస్తేనే గట్టిపడి పలుకుతుంది. బరాత్ మధ్యలో కూడా ఆగి కాస్తారు. నా పెట్టెకు ఆ బాధ లేదని అక్కడే ఒక మాట విసిరాను. ఎవరూ పట్టించుకోలేదు.

చీకటి పడుతుండగా బరాత్ కదిలింది. ముందు జనరేటర్ ట్రాలీ, దాని మీద లైట్లు, స్పీకర్లు. నేను ట్రాలీ మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో పెట్టెతో హాయిగా కూర్చున్నాను. వెనకాల నడుస్తూ మర్ఫా, దాని వెనక ఎగిరేవాళ్లు, ఆ వెనక పెళ్లికారు. రుంబా, వాల్ట్జ్ కలిపి నొక్కాను. స్పీకర్లలోంచి “టిక్, టట్టిక్, దుం” అని బయల్దేరింది. జబ్బార్ భాయ్ అందుకున్నాడు. మొదట బాగానే ఉంది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు చేతులు లేపారు.

తర్వాత మర్ఫా ఎప్పుడూ చేసే పనే చేసింది. ఎగిరేవాళ్ల కాళ్లను చూసి కొంచెం కొంచెంగా వేగం పెంచింది. నేను మీట తిప్పాను. ఎక్కువైంది. తగ్గించాను. ఈలోగా వాళ్లు ఇంకో చోటికి పోయారు. లైట్లన్నీ నా కళ్లలోకి కొడుతున్నాయి, వెనక ఎవరి కాళ్లూ కనపడవు. పెట్టె మాత్రం చెక్కుచెదరకుండా, శేషగిరి మాట నిలబెడుతూ, గోడకు మేకు కొట్టినట్టు కొట్టుకుంటూ పోతోంది. ఎగిరేవాళ్లు రెండు దెబ్బల మధ్య ఇరుక్కుని ఆగిపోయారు. ట్రాక్టర్ల వరసలోంచి ఒక డ్రైవర్ “ఆ టిక్‌టిక్ బంద్ చెయ్యుండ్రి!” అని అరిచాడు.

జబ్బార్ భాయ్ డఫ్ దించాడు. మర్ఫా ఆగింది. పెట్టె ఒక్కటే సిగ్గులేకుండా మోగుతోంది. నా చెవులు వేడెక్కాయి. ఆయన ట్రాలీ దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. అలసిపోయి ఉన్నాడు. అది చూసి నాకు నిజంగా భయం వేసింది.

“మాస్టర్, కూసున్నోడు మర్ఫా కొట్టడు,” అన్నాడు. “మా తాత కాన్నుంచి ఎవ్వడు కూసోని కొట్టలే. నడవాలె. నడిస్తేనే తెలుస్తది. నువ్వు పైన కూసోని మాకు లెక్క చెప్తున్నవ్.”

“దిగుదామంటే వైరు అందదు భాయ్.”

“అయితే ఇడిసిపెట్టు. మేం కొట్టుకుంటం. అయిపోయింది.”

ఆ ‘అయిపోయింది’ ఈ ఒక్క బరాత్‌కే అని నేను అనుకోలేదు. కుర్చీలోంచి లేచాను. ఏం చేయాలో తెలియదు. అప్పటికే సుశీలమ్మ గారు కొంగు బిగించి వచ్చేశారు. ఏమైందని అడిగారు. నాకు బ్యాటరీ ఒకటి కావాలమ్మా, పన్నెండు వోల్టులది, పెట్టె లోపల నడిచేది దానికే, మోసుకుని నడిచేలా ఉండాలి అని చెప్పాను. ఒక్క క్షణం ఆలోచించారు.

“మందు కొట్టే పంపుంటది గదా. దాంట్ల బ్యాటరే గదా ఉండేది. ఈపుకు తగిలిచ్చుకుంటరు గూడ. అరేయ్, ఇంట్లకెళ్లి పంపు తెండ్రి! బతుకమ్మకు కొన్న గా చక్రాల స్పీకర్ గూడ తెండ్రి!”

పొలంలో పురుగుమందు చల్లే బ్యాటరీ పంపు వచ్చింది. డబ్బా ఖాళీగానే ఉంది గానీ వాసన నిండా ఉంది. పెళ్లికి తొడుక్కున్న నా తెల్ల చొక్కా మీద రెండు పట్టీలు బిగించి దాన్ని వీపున ఎక్కించారు. శేషగిరి శ్రద్ధగా అతికించిన ముక్క బ్యాటరీకి అడ్డమని నేను దాన్ని గోరుతో, పళ్లతో పీకేశాను. బ్యాటరీ తీగలు నేరుగా పెట్టెకు తగిలించాను. పెట్టెను తువ్వాలతో మెడకు కట్టి ముందుకు వేలాడదీశారు. చిన్న తీగతో చక్రాల స్పీకర్, దాన్ని లాగడానికి సుశీలమ్మ గారే ముందుకు వచ్చారు. ఎవరు వద్దన్నా వినలేదు.

“నా మేనల్లుని బరాత్ నేను నడుపుత, మీకేంది?”

ఖాజా డోలు ఆపి నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు. నవ్వకుండా ఎవరుంటారు? జబ్బార్ భాయ్ నవ్వలేదు. నన్ను చెయ్యి పట్టుకుని తన ఎడమ పక్కన, వరసలో నిలబెట్టుకున్నాడు.

“మీట సూడకు. నా కాళ్లు గూడ సూడకు. ఎగిరేటోళ్ల కాళ్లు సూడు.”

మెల్లగా మొదలుపెట్టాం. బ్యాటరీ బలం తక్కువ కాబట్టి పెట్టె గొంతు కొంచెం బొంగురుపోయింది. మర్ఫా పక్కన ఆ బొంగురే బాగుంది. నా బొటనవేలు మీట మీద ఉంది. నడుస్తున్నాను. మొదటి పది అడుగులూ నేను లెక్కపెట్టాను, అది మానడం నాకు చాలా కష్టమైంది. ఎదురుగా ఒక కుర్రాడు మడమలు లేపి ఎగురుతున్నాడు. వాడు లేచినప్పుడు నా వేలు దానంతటదే కొంచెం తిరిగింది. జబ్బార్ భాయ్ “హా!” అన్నాడు. మూడో దెబ్బ ఆలస్యంగా పడింది. దాని సందులో పెట్టె టిక్కుమంది. నా ఒంట్లో రోమాలు లేచాయి.

ట్రాక్టర్ల దాకా వచ్చేసరికి మంచి ఊపులో ఉన్నాం. అప్పుడు పంపు బ్యాటరీ దిగడం మొదలైంది. పెట్టె మెల్లమెల్లగా నీరసపడింది. దుం... టిక్... అని సాగదీస్తోంది. తాళం జారడం, జనార్దన్ సార్ చెప్పిన పరేషాన్ అదే. మీట పెంచబోయాను. జబ్బార్ భాయ్ మోచేత్తో నా చెయ్యి ఆపాడు. పెట్టెతోపాటు తనూ తగ్గాడు. ఖాజాకు కనుసైగ చేశాడు, డోలు తగ్గింది. అలసిన పెద్దమనిషి వెంట నడిచినట్టు మర్ఫా అంతా దాని అడుగుకు అడుగు కలిపింది. ఎగిరేవాళ్లు అర్థం చేసుకుని మోకాళ్లు వంచుతూ కిందికి, ఇంకా కిందికి వంగి, చివరికి అందరూ రోడ్డు మీద గొంతుకూర్చున్నారు. పెళ్లికొడుకు కూడా కారు దిగి వచ్చి కూర్చున్నాడు.

“ఇప్పుడు,” అన్నాడు జబ్బార్ భాయ్.

మీట కొద్దికొద్దిగా తిప్పాను. పెట్టె లేచింది, మర్ఫా లేచింది, జనం లేచారు. టిక్‌టిక్ బంద్ చేయమన్న డ్రైవర్ ట్రాక్టర్ దిగి వచ్చి తలపాగా తిప్పుతూ ఎగిరాడు. “ఇంకోసారి!” అని అరుపులు. ఇంకోసారి చేశాం. సుశీలమ్మ గారు స్పీకర్ లాగుతూనే ఎగురుతున్నారు. నా జీవితంలో వేల పాటలు వాయించాను, అంత సంతోషం ఏ స్టేజీ మీదా రాలేదు. మళ్లీ ఇంకోసారి లేవబోతుండగా బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. పెట్టె మూగబోయింది. నేను నిలబడిపోయాను. కానీ శబ్దం ఆగలేదు. ఖాజా చర్మం వదిలి డోలు చెక్క మీద పుల్లతో “టిక్, టట్టిక్” అందుకున్నాడు. మిగతా ఇద్దరూ నోటితో అదే అంటున్నారు. జబ్బార్ భాయ్ నా వీపున ఉన్న ఖాళీ పంపు డబ్బా మీద అరచేత్తో “దుం” కొట్టాడు. మండపం దాకా నేను డోలుగానే నడిచాను.

బగారా అన్నం, మటన్ తిని, స్టేషన్ దగ్గర లాడ్జిలో పడుకున్నాం. గది ఎనిమిది వందలు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, నల్లా కారుతుంది. పడుకునేదాకా బరాత్ ముచ్చట్లే, బ్యాండు ఉంటుందా లేదా అన్న మాట ఎవరూ ఎత్తలేదు. నాకు అడగాలని ఉంది, అడిగితే వచ్చే జవాబంటే భయంగా ఉంది.

పొద్దున సికింద్రాబాద్ రైలు ఎక్కాం. జనరల్ బోగీ అయినా సీట్లు దొరికాయి. జనార్దన్ సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. పెట్టెకు ఏమీ కాలేదని ముందే చెప్పాను. ఆయన పెట్టె సంగతి అడగనేలేదు. “ఎంత మంది ఎగిరిండ్రు?” అన్నారు. ట్రాక్టర్ డ్రైవర్లు కూడా అన్నాను. ఇంకో నెల ఉంచుకోమన్నారు.

ఈ ముక్కోణంలో తిరిగినవాడిగా నేను చెప్పగలిగింది ఇంతే. చూడదగ్గ ప్రదేశాలు లేవు. సూర్యాపేట చాయ్‌లో చక్కెర తక్కువ వేయమని ముందే చెప్పాలి. కోదాడలో ఆకలితో దిగాలి. మిర్యాలగూడలో తెల్ల చొక్కా వేసుకోవద్దు. మూడు ఊళ్లలోనూ మనుషులు అడగాల్సింది మొహం మీదే అడుగుతారు, ఇవ్వాల్సింది ఆలోచించకుండా ఇస్తారు. నాకు ఒంట్లో నొప్పి లేని చోటు లేదు. భుజాల మీద పంపు పట్టీల గుర్తులు ఎర్రగా ఉన్నాయి.

నల్లగొండ దాటాక జబ్బార్ భాయ్ ఫోన్ మోగింది. మాల్ సూపర్‌వైజర్. ఒకటో తారీఖు పొద్దునే రావాలని చెప్తున్నట్టున్నాడు. జబ్బార్ భాయ్ కిటికీలోంచి చూస్తూ విన్నాడు. నేను సీటు అంచు పట్టుకున్నాను.

“లేదు సార్, వస్త లేను,” అన్నాడు. “మా బ్యాండ్ల కొత్త పోరగాడు ఒకడు చేరిండు. వానికి నడుసుడు గూడ రాదు. అన్ని నేర్పియ్యాలె. టైం లేదు.”

ఫోన్ జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కొత్త పోరగాడికి వచ్చే నెల నలభై ఎనిమిది నిండుతాయి. వాడు మొహం అటు తిప్పుకుని, ఎదురు సీటులోని పల్లీలమ్మే ఆమె చూస్తున్నా సిగ్గుపడకుండా, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.